కవరు తియ్యని సోఫా, ఉప్పు లేని పప్పు

పరదాలు కుట్టే పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "ఆంటీ, కిటికీకి గుడ్డ ఎంత పడుతుందో లెక్క ఎట్టా?" ఆ లెక్క మిషను దగ్గర కూర్చున్న ఎవరైనా ఒక పూటలో చెప్పేస్తారు. కిటికీ వెడల్పుకు రెట్టింపు, కుచ్చు దిట్టంగా కావాలంటే ఇంకాస్త. అది తెలిస్తే కత్తెర పట్టుకోవడం వచ్చినట్టు. ఆ ఇంట్లో పరదా ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో, ఎవరి మాట నెగ్గుతుందో తెలిస్తేనే పని వచ్చినట్టు.

బెజవాడలో నన్ను కర్టెన్ల కోటమ్మ అంటారు. పరదాలు, సోఫా గుడ్డలు, దిండ్లు, పరుపులు కుట్టి కుట్టి, ఇక సూదిలో దారం కనపడక మానేశాను. చదివింది అయిదో తరగతి దాకానే. రాతలో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం తప్పుండదు. ఎవరింట్లో ఏ రంగు పరదా వేశానో, ఆ రంగు మీద మొగుడూ పెళ్ళాం ఏమని పోట్లాడుకున్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఇక్కడ రాసేది పాటలు వినే గదుల గురించి. ఈమధ్య కాస్త కలిగినవాళ్ళు పెద్ద పెద్ద స్పీకర్లు కొని, వాటి కోసమని ఒక గది తీసిపెట్టుకుంటున్నారు. పాట బాగా రాకపోతే ముందు స్పీకర్లమ్మినవాణ్ణి తిడతారు. తర్వాత వైర్లు లాగినవాణ్ణి తిడతారు. ఇద్దరూ ఫోను ఎత్తడం మానేశాక మనల్ని పిలుస్తారు. మనం వెళ్ళేసరికి తిట్లు అయిపోయి ఉంటాయి, అది మన అదృష్టం.

మా షావుకారుగారి చప్పట్లు

నాకు ఈ విద్య నేర్పింది బెంజ్ సర్కిల్ దగ్గర పరదా గుడ్డల కొట్టు పెట్టిన మా షావుకారుగారు. వాళ్ళది తాతల నాటి నుంచి మగ్గం, గుడ్డ తప్ప ఇంకోటి తెలియని కుటుంబం. ఎవరైనా కొలతలకు రమ్మంటే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. గుమ్మంలో చెప్పులు విడిచి, నాలుగడుగులు లోపలికేసి, గది మధ్యన నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టేవారు. ఎందుకు కొడుతున్నారో ఎవరికీ చెప్పేవారు కాదు.

ఒకసారి భవానీపురంలో ఒకరింటికి వెళ్ళాం. మేం వెళ్ళేసరికి లోపల ఆలుమగలు మంచి ఊపు మీదున్నారు. ఆ అమ్మగారు గొంతు పెంచి, "ఈ ఇల్లు నా వల్ల నిలబడింది గానీ మీ వల్ల కాదు!" అన్నారు. అదే క్షణాన మా షావుకారుగారు చప్పట కొట్టారు. ఆయన మనసులో ఏమీ లేదు, అలవాటు ప్రకారం కొట్టారంతే. ఆ అమ్మగారి మొహం వెలిగిపోయింది.

"చూశారా, బయటివాళ్ళకు కూడా తెలుసు" అన్నారావిడ.

ఆ ఇంట్లో వంటింటి కిటికీతో సహా అన్నిటికీ మా కొట్టు గుడ్డే పడింది. ఆ ఇంటాయన మాత్రం మా వంక చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు.

బయటికొచ్చాక అడిగాను. "ఆ చప్పట్లేంటండీ?"

"చూడు కోటమ్మా, చప్పట కొడితే టప్పుమని అక్కడే పడిపోయిందనుకో, ఆ ఇంట్లో గుడ్డ చాలినంత ఉన్నట్టు. టంగుమని తిరిగొచ్చిందనుకో, ఇల్లు గుడ్డ అడుగుతున్నట్టు."

"ఇల్లు అడుగుతోందా, మీరు అడుగుతున్నారా?"

"ఇద్దరం అడుగుతున్నాం" అన్నారు నవ్వుతూ.

అందులో మర్మం ఇంతే. రాతి నేల, గాజు కిటికీ, నున్నటి గోడ ఉన్న గదిలో మాట బంతిలాగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. స్పీకరు నుంచి ఒక మాట వచ్చి చెవిలో పడేలోపు, దాని ముందు మాట గోడ తగిలి తిరిగొచ్చి దీని మీద పడుతుంది. రెండూ కలిసి ముద్దయిపోతాయి. దళసరి గుడ్డ, జంపఖానా, దూది పరుపు ఉన్నాయనుకోండి, ఆ తిరిగొచ్చే మాటను అవి మింగేస్తాయి. పల్చటి జాలీ గుడ్డ కిటికీకి బల్లపరుపుగా వేలాడదీస్తే చూపుకే గానీ చెవికి పనికిరాదు. గుడ్డ బరువుండాలి, కుచ్చు ఉండాలి, గోడకూ దానికీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి.

మా షావుకారుగారు మంచి మనిషి. కానీ అమ్మడం మొదలుపెడితే ఆగడం తెలిసేది కాదు. కొత్తగా పాటలు నేర్చుకుంటున్న ఒకాయన పాడుకోవడానికి గది కావాలంటే, నాలుగు గోడలకూ వెల్వెట్టు, నేల మీద తివాచీ, పైకప్పుకు కూడా గుడ్డ అంటగట్టారు. అన్నీ నేనే కుట్టాను. ఆయన లోపలికెళ్ళి గొంతెత్తి ఒక రాగం అందుకుని, రెండు నిమిషాల్లో బయటికొచ్చేశారు.

"ఏమ్మా, నా గొంతు ఇట్టా ఉంటుందా?" అని నన్నడిగారు, బెంగగా.

ఏం చెప్పను? ఇదివరకు బాత్రూంలో పాడుకునేటప్పుడు ఆయన గొంతుకు గోడలు సాయం చేసేవి. ఇక్కడ ఆ సాయమంతా గుడ్డ మింగేసింది. ఉన్నదున్నట్టు మిగిలింది. ఇప్పుడా గదిలో వాళ్ళు ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నారు. ఆయన బాత్రూంలో స్టూలేసుకుని పాడుకుంటున్నారు. అందుకే చెప్తున్నా, గది మొత్తానికి గుడ్డ కట్టకండి. ఎక్కడో ఒక గోడను గోడలాగా ఉండనివ్వండి.

కోడిగుడ్ల అట్టలు

భవానీపురంలోనే ఇంకో కుర్రాయన, ఉద్యోగస్తుడు, ఎవరో చెప్పారని గది గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాడు. ఇక తన పాట బయటికి పోదని ధీమా. నన్ను పిలిచింది ఆ అట్టలు కనపడకుండా పైన గుడ్డ కుట్టమని. కొలుస్తుంటే అట్టల సందుల్లోంచి బొద్దింకలు మీసాలు బయటపెట్టి నన్ను కొలుస్తున్నాయి. ఇంతలో పక్కింటాయన గోడ మీంచి తలపెట్టి, "బాబూ, కొత్త పాటేదన్నా పెట్టు. ఇది నిన్నంతా విన్నాం" అన్నాడు.

అట్టగానీ, గుడ్డగానీ గదిలో తిరిగే చప్పుణ్ణి కాస్త అదుపులో పెడతాయి. గోడ దాటి పోయే చప్పుణ్ణి ఆపడం వాటి వల్ల కాదు. అది తాపీమేస్త్రీ పని. ఈ మాట టేపు తియ్యకముందే చెప్పెయ్యండి. కుట్టాక చెబితే మీ మాట వినరు, పక్కింటాయన మాటే వింటారు.

రాఘవయ్యగారి హాలు

నా పని మొత్తంలో నాకు బాగా గుర్తున్న గది పటమటలో రాఘవయ్యగారిది. ఆయన ఎరువుల కొట్టు నడిపి, దాన్ని కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నారు. భార్య వరలక్ష్మిగారు. వాళ్ళ పాత ఇంటి నుంచీ నేనే కుట్టేదాన్ని కాబట్టి ఆయన్ని అన్నయ్యగారనీ, ఆవిణ్ణి వదినగారనీ పిలవడం అలవాటు. ఒక రోజు పొద్దున్నే ఆయన ఫోను చేశారు.

"కోటమ్మా, ఒకసారి రావాలి. రెండు కుటుంబాల పరువు నీ గుడ్డ మీదుంది."

నేను వెళ్ళి, పైఅంతస్తులో హాలు మధ్యన నిలబడి చప్పట కొట్టాను. టంగుమంది. అనక ఏం చేస్తుంది? కింద పాలరాయి. ఒక పక్కంతా గాజు తలుపులు. ఇంకో పక్క గాజు బీరువా, అందులో బొమ్మలు. మధ్యలో గాజు బల్ల. మూలల్లో ఆయన కొత్తగా కొన్న, మనిషెత్తు స్పీకర్లు. వాటికెదురుగా ఒక పెద్ద సోఫా, దాని మీద కొట్లోంచి వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు.

మన ఇళ్ళ సంగతి మీకు తెలిసిందే. సోఫా కొని ఏళ్ళు గడిచినా కవరు తియ్యరు. వరలక్ష్మి వదినగారు ఇంకొంచెం ముందుకెళ్ళారు. టీవీ రిమోటుకు కవరు, స్టెబిలైజరుకు కవరు, కొత్త స్పీకర్లకు కూడా వేద్దామంటే అన్నయ్యగారు అడ్డుపడ్డారట.

"కూర్చో కోటమ్మా" అన్నారావిడ. కూర్చుంటే చర్రుమంది. మళ్ళీ లేచి నేల మీద కూర్చున్నాను.

సంగతేమిటంటే, వాళ్ళ పెళ్ళి క్యాసెట్టు. టేపురికార్డరు ఊరికొకటి ఉన్న రోజుల్లో, ఉయ్యూరు అవతల వదినగారి ఊళ్ళో పెళ్ళి. బువ్వంబంతి జరుగుతోంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకే విస్తట్లో తింటూ ఉంటే, రెండు వైపుల పెద్దలూ చుట్టూ కూర్చుని భోంచేసే బంతి అది. ఎవరో చుట్టం టేపురికార్డరు తెచ్చి, పందిరి గుంజ పక్కన, పెళ్ళికొడుకు విస్తరి దగ్గర్లో పెట్టాడు. ఆ బంతిలో ఎవరో "పప్పులో ఉప్పు లేదు" అన్నారు. ఆ మాట క్షణంలో బంతంతా పాకింది. మగపెళ్ళివాళ్ళు నవ్వారు. ఆడపెళ్ళివాళ్ళ తలలు వాలిపోయాయి. వదినగారి అమ్మ వంటల దగ్గరికెళ్ళి ఏడ్చేసిందట.

"అన్నది వీళ్ళ పెదనాన్న" అన్నారు వదినగారు. "ఆడపెళ్ళివాళ్ళను తీసిపారెయ్యడం వాళ్ళ ఇంటా వంటా ఉంది."

"మా పెదనాన్న కాదు. అన్నది వాళ్ళ నాన్నే" అన్నారు అన్నయ్యగారు. "మొహమాటం లేని మనిషి. తన ఇంటి పప్పయినా సరే, బాగోలేకపోతే బాగోలేదనేవాడు."

"సొంత కూతురి పెళ్ళిలో ఏ తండ్రన్నా అట్టా అంటాడా? మా నాన్న లేడని కదూ, ఎంత మాటైనా అంటారు!"

ఆ పెదనాన్నగారు ఉన్నారు గానీ, తొంభై దాటిన మనిషి. ఆయన్నే అడగమన్నాను.

"అడిగాం" అన్నారు అన్నయ్యగారు నీరసంగా. "'ఉప్పా? బీపీ అని డాక్టరు మానేయమన్నాడురా' అంటాడు. ఎట్టా అడిగినా అదే అంటాడు."

ఇదేదో నవ్వులాట అనుకోకండి. ఆ పెళ్ళినాటి నుంచి వదినగారు పెదనాన్నగారి ఇంట్లో మెతుకు ముట్టలేదు. వాళ్ళింటికి వెళితే మంచినీళ్ళు కూడా సీసాలో పట్టుకెళ్తారు. ఇప్పుడా పెదనాన్నగారి మనవడికి పెళ్ళి కుదిరింది. బువ్వంబంతిలో పెద్దవాళ్ళుగా వీళ్ళిద్దరూ కూర్చోవాలి.

"వస్తాను, అక్షింతలేస్తాను. విస్తరి ముందు మాత్రం కూర్చోను" అన్నారావిడ.

"బంతిలో నేనొక్కణ్ణే కూర్చుంటే చుట్టాలు ఏమనుకుంటారే?"

"పప్పులో ఉప్పు లేదని లేచిపోయిందనుకుంటారు."

అదీ వాళ్ళ మధ్య పందెం. గొంతు పెదనాన్నదని తేలితే ఆ పెళ్ళి మండపంలోనే అందరి ముందూ చెంపలేసుకుంటానని అన్నయ్యగారు. నాన్నదని తేలితే బంతిలో మొదటి ముద్ద తనే తింటానని వదినగారు. వాళ్ళ కోడలు ఆ క్యాసెట్టును పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చింది. కానీ ఎన్నిసార్లు విన్నా ఆ మాట ముద్దగానే వస్తోంది. మగ గొంతో ఆడ గొంతో కూడా తెలియదు.

"చెవులకు పెట్టుకుని వినొచ్చుగా" అన్నాను.

"ఒకళ్ళు పెట్టుకుంటే రెండోవాళ్ళు నమ్మరు" అన్నారు అన్నయ్యగారు. "చెరొకటి పెట్టుకున్నాం. నా చెవిలో వాళ్ళ నాన్న వినపడ్డాడు. దాని చెవిలో మా పెదనాన్న వినపడ్డాడు."

గదికి బట్టలు కట్టడం

పని మొదలుపెట్టాను. గాజు తలుపులకు అడ్డంగా, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు, దళసరి నూలు పరదాలు రెట్టింపు కుచ్చుతో కుట్టి వేశాను. నేల మీద పెద్ద జంపఖానా పరిపించాను. గాజు బల్ల బాల్కనీలోకి పోయింది. స్పీకర్లు మూలకు నొక్కిపెట్టి ఉంటే డోలు కొట్టినట్టు దుమ్మదుమ్మంటాయి కాబట్టి వాటిని ముందుకు జరిపించాను. వాటి వెనకాల మూలల్లో నిలబెట్టడానికి బూరుగుదూది పరుపులు అడిగాను.

"అటక మీదున్నాయి, మా సారె పరుపులు" అన్నారు వదినగారు. "పెళ్ళప్పుడు మా నాన్న చేయించి ఇచ్చాడు. వీళ్ళకు ఫోము పరుపులు కావాలని వాటిని అటకెక్కించారు."

పరుపులు దించి, ఎండలో వేసి దులిపి, చుట్టలు చుట్టి రెండు మూలలా నిలబెట్టాం.

"మామగారు నిలబడి చూస్తున్నట్టుంది" అన్నారు అన్నయ్యగారు.

"చూడనివ్వండి. ఎవరి గొంతో ఆయనక్కూడా తెలియాలిగా" అన్నారావిడ.

బొమ్మల బీరువా తలుపులు తీసి, బొమ్మల మధ్య ఖాళీల్లో మడతపెట్టిన నేతచీరలు కూరాం. బొమ్మలన్నీ దుప్పట్లు కప్పుకుని జ్వరంతో పడుకున్నట్టు కనిపించాయి. మళ్ళీ చప్పట కొట్టాను. టంగు పోయింది. టప్పుమంది, కానీ ఎక్కడో ఆ చప్పుడుకు చిన్న తోక మిగిలింది. ఆ తోక నాకు నచ్చలేదు.

"పెట్టండి చూద్దాం" అన్నాను.

ఇద్దరూ సోఫా మీద కూర్చున్నారు. నేను నేల మీద కూర్చుని పరదా అంచు కుడుతున్నాను. మేళం వినపడింది. ఇదివరకు రేకు మీద వాన పడ్డట్టుండేది, ఇప్పుడు సన్నాయి వేరుగా డోలు వేరుగా తెలుస్తోంది. మేళం ఆగింది. గ్లాసుల చప్పుడు. "పప్పు, పప్పు" అంటూ వడ్డించేవాడు.

"వస్తోంది, వస్తోంది" అన్నారు అన్నయ్యగారు.

ఇద్దరూ ఆత్రంగా ముందుకు వంగారు. చర్రు... టపటపటప.

"విన్నావా, మా పెదనాన్న కాదు!"

"విన్నారుగా, మా నాన్న కాదు!"

నాకు వినపడింది సోఫా కవరు ఒక్కటే. నేల మీదున్నాను కాబట్టి ఆ కవరు నా చెవి పక్కనే ఉంది. మళ్ళీ పెట్టించాను. మళ్ళీ అదే చోట వంగారు, మళ్ళీ చర్రుమంది. నాకు నవ్వాగలేదు.

"వదినగారూ, ఆ మాట వచ్చేసరికి మీరిద్దరూ ముందుకు వంగుతున్నారు. కవరు అరుస్తోంది. మీరు కొట్టుకునేది కవరు గొంతు మీద."

"అయితే కదలకుండా కూర్చుంటాం" అన్నారావిడ.

కూర్చున్నారు. ఊపిరి బిగబట్టి, ఫోటోకు కూర్చున్నట్టు. ఆ చోటు దగ్గరపడే కొద్దీ అన్నయ్యగారి మొహం ఎర్రబడుతోంది. సరిగ్గా "పప్పు, పప్పు" దగ్గర ఆయనకు ఊపిరాగక ఒక్కసారి గాలి వదిలారు. చర్రు.

"కింద కూర్చోండి" అన్నాను.

"నా మోకాళ్ళు వంగవు" అన్నారావిడ.

"కుర్చీలు తెస్తా."

"ఆ స్పీకర్లిచ్చినతను సోఫాలోనే కూర్చోవాలన్నాడు. చప్పుడు వచ్చి కలిసేది అక్కడేనట" అన్నారాయన.

నిజానికి కుర్చీలేసుకున్నా ఆ కవరు అక్కడుంటే లాభం లేదు. సోఫా అంటే గదిలో పెద్ద దూది మూట. దాని మీద ప్లాస్టిక్ వేస్తే ఆ మూటకు మూతి కుట్టేసినట్టే. మింగాల్సింది మింగదు. నాకు నచ్చని ఆ చిన్న తోక కూడా అక్కడి నుంచే వస్తోంది. అదే చెప్పాను.

వదినగారు సోఫా వంక చూశారు. "కవరు తీస్తే ఇంకేముంది కోటమ్మా? పాత సోఫా అయిపోతుంది. చుట్టాలొస్తారు, తలనూనె అంటుతుంది. మనవడు పెరుగన్నం తిని చెయ్యి తుడుస్తాడు."

"పైన నూలు గుడ్డ కుట్టి వేస్తాను. ఉతుక్కోవచ్చు."

"తియ్యకే" అన్నారు ఉన్నట్టుండి అన్నయ్యగారు. రెండేళ్ళుగా ఆ కవరు తియ్యమని పోరింది ఆయనే. "ఉండనియ్. ఇప్పుడు తొందరేముంది?"

వదినగారు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశారు. "పెదనాన్న గొంతని భయమేసిందా?"

"నాకేం భయం?"

"అయితే తియ్యి కోటమ్మా. మా నాన్న కంటే సోఫా ఎక్కువా?"

కత్తెర అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. చించనివ్వలేదు. పిన్నులు ఒక్కొక్కటీ ఊడదీసి, చీర మడతపెట్టినట్టు మడతపెట్టారు. కవరు కింద సోఫా చూసి ఇద్దరూ నోరు తెరిచారు.

"ఇది ఆకుపచ్చ కదండీ? మనం కొన్నది బూడిద రంగు కదా?"

"కొన్నప్పుడు ఆకుపచ్చేనే. నేనే బూడిద రంగని నమ్మేశాను."

ఇద్దరూ కూర్చున్నారు. చప్పుడు లేదు. అంత మెత్తగా ఉంటుందని తెలియక వదినగారు కాస్త లోపలికి దిగిపోయి, "అమ్మో" అన్నారు.

అన్నయ్యగారు మీట నొక్కారు. మేళం ఆగింది. గ్లాసులు. "పప్పు, పప్పు." ఇద్దరూ వంగారు. ఈసారి ఏదీ అరవలేదు.

గాజులు గలగలమన్నాయి. ఆ వెంటనే చాలా మెల్లగా, పక్కనున్న మనిషికి తప్ప ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు, ఒక పిల్ల గొంతు:

"పప్పులో ఉప్పు లేదు. మీకు?"

ఆ వెంటనే గుసగుసగా ఒక కుర్రాడి గొంతు:

"నాక్కూడా. ఊరుకో, ఎవరన్నా వింటారు."

ఆ తర్వాత వడ్డించేవాడు, వీళ్ళ విస్తరి దగ్గరే ఉన్నాడు కాబోలు, ఊరంతా వినపడేలా కేకేశాడు. "ఉప్పందుకోండయ్యా! పెళ్ళికొడుకు బంతిలో పప్పులో ఉప్పు లేదంట!" ఇక నవ్వులు, గోల, మళ్ళీ మేళం.

అన్నయ్యగారు ఆపేశారు. ఆయన మూల నిలబెట్టిన పరుపు వంక చూస్తున్నారు. వదినగారు గాజులు ముంజేతి మీదకు తోసుకుని పట్టుకున్నారు, మళ్ళీ మోగుతాయేమోనన్నట్టు. నేను అంచు కుడుతూ తల ఎత్తలేదు.

కాసేపటికి ఆయన గొంతు సవరించుకున్నారు.

"సరిగా వినపళ్ళేదే."

"అవునండీ" అన్నారావిడ వెంటనే. "మేళం గోలలో ఏం తెలుస్తుంది?"

మేళం అప్పటికి ఆగిపోయి ఉందని ముగ్గురికీ తెలుసు.

"కోటమ్మా, నీకేవన్నా వినపడిందా?"

"నా ధ్యాసంతా ఈ అంచు మీదుంది వదినగారూ."

"అదీ. ఎవరికీ వినపళ్ళేదు." ఆవిడ సోఫాలో సర్దుకుని కూర్చున్నారు. "మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టారు. సరిగా వినపడలేదన్నారు. ఇంకోసారి పెట్టారు. "మీకు?" అన్న చోట అన్నయ్యగారు ప్రతిసారీ గడ్డం గోక్కుంటున్నారు, నవ్వు దాచుకోవడానికి. నేను కుట్టాల్సింది అయిపోయి, కాఫీ తాగి లేచేసరికి కూడా వాళ్ళకు ఇంకా వినపడలేదు.

గుమ్మం దాకా వచ్చారు వదినగారు. "ఆ కవరు మళ్ళీ వెయ్యనా?" అని అడిగాను.

"వద్దులే. మేడ మీద వడియాలు పెట్టుకోడానికి పనికొస్తుంది" అన్నారు.

పిల్లలకు రెండు మాటలు

ఎవరింట్లోనైనా ముందు వాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో అడగండి. పాటకు కావాల్సిన గుడ్డ వేరు, మాటకు కావాల్సిన గుడ్డ వేరు. కొత్త సామాను కొనమనకండి. అటక మీద చూడండి, మన ఇళ్ళల్లో సగం మందు అక్కడే ఉంటుంది. ప్లాస్టిక్ కవరు తియ్యమని మాత్రం మీరుగా చెప్పకండి. నేను చాలా ఇళ్ళలో చెప్పి మాట పడ్డాను. కారణం దొరికితే వాళ్ళే తీస్తారు. ఇక గది బాగుపడ్డాక వినపడినవన్నీ మీకు వినపడినట్టు ఉండక్కర్లేదు. తల దించుకుని అంచు కుట్టుకోండి. నాకు రావడానికి చాలాకాలం పట్టిన విద్య అది.

బువ్వంబంతి

పెదనాన్నగారి మనవడి పెళ్ళికి నన్ను కూడా పిలిచారు. ఫంక్షన్ హాలు చాలా పెద్దది. చుట్టూ రాయి, అద్దాలు, గుడ్డన్నది పెళ్ళివాళ్ళ ఒంటి మీద తప్ప ఎక్కడా లేదు. ఎవరూ చూడటం లేదనుకుని ఒక చప్పట కొట్టాను. టంగుమని మోగింది, వీడియో అతను కెమెరా నా వైపు తిప్పాడు. ఆ పెళ్ళి వీడియోలో ఎవరూ అడక్కుండా చప్పట్లు కొడుతున్న మనిషిని నేనే.

బువ్వంబంతిలో అన్నయ్యగారు కూర్చున్నారు. ఆయన పక్క విస్తరి ఖాళీ. చుట్టాలు ఒకరినొకరు చూసుకుంటున్నారు. వదినగారు వచ్చారు. చేతిలో మంచినీళ్ళ సీసా లేదు. వచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆయన పక్కన కూర్చున్నారు. నన్ను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎదురు వరసలో పెదనాన్నగారు, ఎవరూ అడక్కుండానే, "నాకు ఉప్పు వద్దన్నాడమ్మా డాక్టరు" అని వడ్డించేవాడికి చెబుతున్నారు.

పప్పు వడ్డించారు. వదినగారు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఆగారు. నెమ్మదిగా అన్నయ్యగారి వైపు వంగారు. గాజులు గలగలమన్నాయి.

"ఏవండీ..."

ఆయన విస్తట్లోంచి తల ఎత్తకుండా, గడ్డంతో వీడియో అతన్ని చూపించారు.

"నాక్కూడా. ఊరుకో, ఎవరన్నా వింటారు."

ఆవిడకు పొలమారింది. నేను నీళ్ళు అందించాను. తాగి, కళ్ళు తుడుచుకుని, ఆ రాళ్ళూ అద్దాలూ ఒకసారి కలియజూసి, నా చెవి దగ్గరికి వంగారు.

"కోటమ్మా, ఎవరెంత బతిమాలినా సరే, ఈ హాలుకు మాత్రం పరదాలు కుట్టొద్దు."